నిండుకున్న గది

గది మళ్ళీ మూసుకుపోయింది.

నల్లటి తెర మీద కంటైనర్ మొదలైందని తెల్లటి వరుస ఒకటి వచ్చింది. హైమ ఊపిరి బిగబట్టింది. ఆ ఊపిరి వదిలేలోగా దాని కింద ఇంకో వరుస వచ్చింది, ఆగిపోయిందని. చివర ఎప్పటిలాగే ఒక సున్నా.

"మళ్ళీనా?" అన్నారు వెనక నుంచి ఇందుమతి మేడమ్.

హైమ తలూపింది. నోటితో పోయే పనిని తలతో సరిపెట్టుకోవడం ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. బడిలో హాజరు పిలిచినా పక్క పిల్లలే "వచ్చిందండీ" అని చెప్పేవారు. ఈ నల్లతెర ముందు మాత్రం ఆమెకి బెరుకు లేదు. ఇక్కడ గొంతు అక్కర్లేదు, వేళ్ళు చాలు.

గాజు తలుపు అవతల మంచం మీద అమ్మ పడుకుని ఉంది. వానాకాలంలో ఊరిని చుట్టబెట్టిన జ్వరం అందరినీ వదిలినట్టే దమయంతినీ వదిలింది. నిద్ర మాత్రం వదల్లేదు. పిలిస్తే పలకదు, గిల్లితే కదలదు. ముఖంలో బాధ కూడా లేదు. ఎక్కడో చల్లటి చోట తిరుగుతున్న మనిషిలా ఉంటుంది. ఆమె తలకి చేపల వలలాంటి టోపీ తొడిగారు. దాని నుంచి సన్నటి తీగలు గోడ కన్నంలోంచి వచ్చి, హైమ కాళ్ళ దగ్గరున్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోకి పోతున్నాయి.

వంశధార ఒడ్డున మూతబడ్డ గోగునార మిల్లులో ఉంది మేడమ్ గారి ప్రయోగశాల. యంత్రాలు ఎప్పుడో తరలిపోయాయి కానీ నార నుసి ఇంకా పోలేదు. కిటికీలోంచి ఎండ పడితే అది బంగారు పొడిలా గాలిలో తేలుతుంది. ఆ పొడిలో కూర్చుని తెరని చూస్తూంటే, నిద్రపోతున్నది అమ్మా తనా అన్న అనుమానం వచ్చేది హైమకి.

ఇలాంటి నిద్రని బయట నుంచి కుదిపి లేపలేమని మేడమ్ మొదటి రోజే చెప్పారు. మనిషి తన కలలో తప్పిపోతుంది. ఆ కలని మెల్లగా తీసి ఒక గదిలో పెట్టాలి. గదికి తలుపు పెట్టాలి. లోపలి మనిషి తనంతట తాను నడిచి ఆ తలుపు దాటితే మేలుకుంటుంది. కంప్యూటర్ లోపల కట్టే ఆ గదే లినక్స్ కంటైనర్.

"ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిస్తారు చూడు, అలాంటిదమ్మా" అన్నారావిడ. "పునాది ఒకటే, నుయ్యి ఒకటే. గోడలు మాత్రం ఎవరివి వాళ్ళవి. ఒక వాటాలో ఏం జరిగినా పక్క వాటాకి వినపడదు."

ఆ కంప్యూటర్‌లో పక్క వాటా కూడా ఒకటుంది. అందులో మేడమ్ గారి అన్నయ్య ఉన్నాడు. ఆయన మంచం మిల్లు పైఅంతస్తులో ఉంది. ఎన్నేళ్ళ నుంచి అని హైమ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

సున్నా కేసి చూస్తూ హైమ చాలాసేపు ఆలోచించింది. కంటైనర్ ఏదో విరిగి ఆగిపోతే చివర వేరే అంకె పడుతుంది. సున్నా అంటే తన పని అయిందనుకుని, తనంతట తానే చక్కగా మూసుకుందని.

"మేడమ్" అంది, గొంతు సవరించుకుని. "లోపల చెయ్యడానికి పనుంటేనే గది తెరిచి ఉంటుందన్నారు కదండీ."

"అవును. పనేమీ లేకపోతే మూసుకుపోతుంది. అది లోపం కాదు, దాని స్వభావం అంతే."

"మా అమ్మదీ అదే స్వభావమండీ. ఖాళీగా కూర్చోలేదు."

మేడమ్ నవ్వారు. "అయితే మీ అమ్మకి పనేది?"

హైమ వాళ్ళ బడిలో మధ్యాహ్నం పిల్లలకి అన్నం వండిపెట్టేది దమయంతే. రేకుల వంటపాక, రెండు పొయ్యిలు, పిల్లవాడు కూర్చుంటే తల మాత్రమే కనపడేంత గుండిగ. ఆ పాకని గదిలో పెట్టాలి. కానీ ఎక్కడి నుంచి తేవడం?

మేడమ్ బీరువాలోంచి ఇంకో వలటోపీ తీశారు. ఇవ్వలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు ఈ టోపీ పెట్టుకుని పాకని తలుచుకుంటే అది లోపలికి వెళ్తుంది. కానీ తల్లీ, ఇది నకలు తీసుకోదు. ఉన్నదాన్నే పట్టుకుపోతుంది. ఇచ్చింది మళ్ళీ నీకు రాదు."

హైమ చెయ్యి చాపింది.

కళ్ళు మూసుకుని తలుచుకుంది. తడి కట్టెల పొగ, గంజి వార్చినప్పుడు లేచే ఆవిరి, పప్పులో పోపు పడ్డప్పటి చిటపట, పళ్ళేలు మోగిస్తూ వరసలో తోసుకునే పిల్లలు. అన్నీ ఒక్కసారి చాలా దగ్గరికి వచ్చాయి. తర్వాత ఎవరో చాపలా మెల్లగా చుట్టి తీసుకుపోయారు.

కళ్ళు తెరిచేసరికి తెర మీద గది తెరుచుకునే ఉంది. మూసుకోలేదు.

* * *

గది నిలబడింది గానీ మాట రాలేదు. హైమ టైపు చేసిన ఆహ్వానాలు లోపలికి వెళ్ళాయి. దమయంతికి చదవడం రాదు కనుక అవి అక్కడ పాక గోడ మీద చీమల బారులుగా కనిపించాయో ఏమో, జవాబు లేదు. స్పీకరు బాగుంది, మైకు బాగుంది. చివరికి తేలిందేమిటంటే, కంప్యూటర్ తన చెవినీ నోటినీ ఆ గదికి ఇవ్వనే లేదు. గోడలు కట్టినప్పుడు శబ్దాన్ని బయటే వదిలేశారు. హైమ కమాండ్‌లో ఆ ఒక్క మాటా చేర్చి, గదిని మళ్ళీ తెరిచింది.

ముందు పొయ్యి చప్పుడు వినిపించింది. తర్వాత గుండిగ అంచుకి గరిటె తగిలిన ఖణేల్.

"ఎవులది? ఎవులక్కడ?"

హైమ మైకు దగ్గరికి జరిగింది. "నేనేనమ్మా."

"గుంటా! బడి మానేసి పాక ఎనకాల ఏటి సేస్తన్నావే? మేస్టారు సూస్తే నన్నంతారు."

"నీకోసమే వచ్చాను. ఒకపాలి తలుపు కాడికి రావే అమ్మా."

"ఇప్పుడు పిలుపులేటే? ఎసరు మరిగిపోతంది. గుంటలు పళ్ళేలట్టుకుని నిలబడిపోనారు. ఎల్లెల్లు, నీ పళ్ళెం తెచ్చుకో."

మేడమ్ హైమ భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరూ ఏడుస్తున్నారని ఇద్దరికీ కాసేపటికి గాని తెలియలేదు.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అమ్మ మాట వినడం మొదలైంది. కానీ గదిలో సరుకు కరుగుతూ ఉండేది. కల నడవడానికి ఇంధనం కావాలి, ఆ ఇంధనం బయటివాళ్ళ జ్ఞాపకాలే. హైమ కొన్ని ఇచ్చింది. వాళ్ళ నాన్న తవిటయ్య ఒకటిచ్చాడు.

తవిటయ్య ఏటిలో పడవ నడుపుతాడు. పెళ్ళయ్యాక దమయంతిని ఆవలి ఒడ్డు నుంచి తన పడవలోనే తెచ్చుకున్నాడు. పొగమంచులో ఏరు దాటిన ఆ ఉదయాన్ని టోపీలో పెట్టి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం స్పీకరులో దమయంతి, "ఈ పొద్దు ఏటినీల్లతో వండినాను, అన్నం ఎంత తెల్లగొచ్చిందో సూడే" అని మురిసిపోయింది. "మీ నాన్నకి సెప్పు. పడవలో నిద్దరోతన్నాడు గావాల, గాలి లేస్తంది."

"మెలకువగానే ఉన్నానే" అన్నాడు తవిటయ్య మైకులోకి వంగి, నవ్వుతూ.

ఏరు దాటి ఇంటికి నడుస్తూండగా ఆగి హైమని అడిగాడు. "మీ యమ్మ ఏ ఊరి మడిసే? నాకాడికి ఎలగొచ్చింది?"

హైమ నాన్న చెయ్యి పట్టుకుని నడిపించింది.

తనకీ అలాంటిదే ఎదురైంది. బడి ముందు నుంచి పోతూ వంటపాక దగ్గర నిలబడింది. వేరే ఆవిడెవరో గంజి వారుస్తోంది. ఆవిరి ముఖానికి తగిలింది, వెచ్చగా ఉంది. అంతే. ఆ వాసన వెనక ఇంకేదో ఉండాలని తెలుసు. మనసులోనే తలుపు తట్టింది, ఎవరూ పలకలేదు.

ఇంట్లో వంట ఇప్పుడు తవిటయ్యదే.

"మాడింది నాన్నా."

"మాడ్నేదే. ఎర్రగా ఏగింది."

"అన్నం ఏగుతుందా?"

"మా ఇంట్లో ఏగుద్ది. తిను." అటకెక్కి డబ్బాలో చెయ్యి పెట్టి అడుగు గీకాడు. "బియ్యం అయిపోనాయి. రేపు తేవాల."

అమ్మ ఉంటే ఆ మాటకి గరిటె చూపించేది. ఇంట్లో ఆ మాట అననిచ్చేది కాదు. తనని చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ మాట అన్నందుకు రెండు వేళ్ళతో పెదవుల మీద చిన్నగా కొట్టిందని చెబుతూ ఉండేది. హైమకి అదంతా గుర్తొచ్చింది, కానీ నిద్ర ముంచుకొస్తోంది. కళ్ళ ముందు ఇంకా తెల్లటి వరసలు కదులుతున్నాయి. తిండి తింటున్నా, తల దువ్వుకుంటున్నా అవే. మాటలన్నీ ఆమెకి ఈమధ్య తెర మీది మాటల్లాగే వినిపిస్తున్నాయి.

* * *

పొగమంచు తెరలుతెరలుగా ఏటి మీద నుంచి మిల్లులోకి వచ్చిన ఒక ఉదయం, గది నీరసించింది. స్పీకరులో పిల్లల గోల సన్నగిల్లింది. పొయ్యి చప్పుడు దూరమైంది. అమ్మ మాట నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది.

"గుంటా... నిండుకున్నాయే."

హైమ చటుక్కున తెర చూసింది. అదే సమయానికి అక్కడ ఎర్రటి వరుస వెలిగి ఉంది. డిస్క్ నిండింది.

అమ్మ నోటా అదే మాట, యంత్రం నోటా అదే మాట. గదిలో చోటు లేదు, అమ్మకి ఊపిరాడడం లేదు! మేడమ్ కోసం చూసింది. ఆవిడ పైన అన్నయ్య దగ్గర ఉన్నారు. ఆవిడకి ఈమధ్య ఎక్కువసేపు అక్కడే గడుస్తోంది. పొద్దున హైమకి ఇచ్చిన టీలో చక్కెరకి బదులు ఉప్పు ఉంది. హైమని రెండుసార్లు వేరే పేరుతో పిలిచారు. పక్క వాటా ఏ లోటూ లేకుండా కళకళలాడాలంటే బయట ఎవరో ఒకరు ఖాళీ అవుతూ ఉండాలి మరి.

చోటు చెయ్యాలి. పాత సామాను వెతికింది. మొదట్లో తెరుచుకున్న వెంటనే మూసుకుపోయిన గదులన్నీ ఖాళీ శంఖాల్లా ఒక మూల పడి ఉన్నాయి. పనికిరానివన్నీ ఊడ్చిపారెయ్యడానికి ఒక కమాండ్ ఉంది. కొట్టింది. ఇవి మళ్ళీ రావు, సరేనా అని అడిగింది యంత్రం.

సరేనంది హైమ.

ఎర్రటి వరుస పోయింది. గది ఒక్క క్షణం తేలికైంది. అమ్మ గొంతు స్పష్టంగా, పక్కనే ఉన్నంత దగ్గరగా వినిపించింది.

"గుంటా, బియ్యం అయిపోనాయే."

హైమ చేతులు మీటల మీద ఆగిపోయాయి.

అమ్మ ఆ మాట అనదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఏనాడూ అనలేదు. ఇంట్లో బియ్యం లేకపోతే లేవని అనకూడదు, అయిపోయాయనీ అనకూడదు. నిండుకున్నాయనాలి. ఖాళీ డబ్బా ముందు నిలబడి నిండుకుందనాలి, మళ్ళీ నిండడానికి. తెలుగింట పుట్టిన ఏ పిల్లకైనా తెలిసిన మాటే. తనకీ తెలుసు. అమ్మ నిండుకున్నాయంటే చోటు లేదనుకుంది తను! డిస్క్ నిండింది పాత సామానుతో; గది కిక్కిరిసిపోలేదు. అడుగంటిపోయింది.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. రెప్పపాటు తెరుచుకుని మూసుకున్న ఆ మొదటి గదుల్లోకి కలలో అన్నిటికన్నా అడుగునున్న పొర జారి పడింది. అమ్మ చిన్నతనం. కొత్త గది వాటికి ఆనుకుని నిలబడింది. ఆ ఆసరా కమాండ్ పెట్టింది కాదు, కల తనకి తాను చేసుకున్నది. అందుకే యంత్రానికి కనపడలేదు. హైమ ఊడ్చిపారేసింది ఆ చిన్నతనాన్నే. పెదవుల మీద పడ్డ ఆ రెండు వేళ్ళూ, వాటితో పాటు ఆ మాటా పోయాయి.

"మేడమ్!"

మిల్లు రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయేంత గట్టిగా అరిచింది. ఇందుమతి మెట్ల మీద పరుగెత్తుకుని వచ్చారు. తెర చూశారు, ముఖం చూశారు, ఏమీ అడగలేదు. బీరువాలోంచి టోపీ తీశారు.

"గది ఖాళీ అయితే కూలిపోతుంది హైమా. లోపలి మనిషితో సహా. త్వరగా పెట్టుకో. ఈసారి పెద్దదేదైనా ఇవ్వాలి."

హైమ టోపీ అందుకుంది. పెద్దదంటే ఏముంది? ఆముదం రాసి జడ వేస్తున్న అమ్మ చేతులు. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీది తడిగుడ్డ. ఆ ముఖం. అవి ఇస్తే గది నిలబడుతుంది. రేపు మళ్ళీ అడుగంటుతుంది. చివరికి లోపల అమ్మ ఉంటుంది, బయట కూర్చున్న పిల్లకి ఆవిడెవరో తెలియదు.

బల్ల మీద ఉప్పు టీ చల్లారిపోయి ఉంది. హైమ దానికేసి చూసింది. ఇంతవరకూ అందరం లోపలికే తోస్తున్నాం అనుకుంది. పాకని, ఏటిని, నీళ్ళని. ఏ లోటూ లేని చోటు నుంచి ఎవరు కదులుతారు?

"వద్దు మేడమ్" అంది.

"పిచ్చిపిల్లా, ఆ గది..."

"బియ్యం లేకపోతే అమ్మ ఊరుకోదండీ. లేస్తుంది."

మేడమ్ చెయ్యి టోపీ మీదే ఉంది. కళ్ళు మూసుకున్నారు. తర్వాత మెల్లగా టోపీ వదిలేశారు.

స్పీకరులో పొయ్యి ఆరిపోతున్న చప్పుడు. పిల్లల గొంతులు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. హైమ మైకుని పెదవులకి ఆనించుకుంది. బడిలో హాజరు పలకని పిల్ల, గొంతు చించుకుని పిలిచింది.

"అమ్మా! బియ్యం ఇక్కడున్నాయే! బయటికొచ్చి పట్టుకెల్లు!"

గరిటె చప్పుడు ఆగింది.

"ఎక్కడే?" చాలా దూరం నుంచి.

"తలుపు ఇవతల. బస్తా దింపి ఎల్లిపోనారు."

"దింపినోల్లు లోన పడెయ్యలేరేటి? నువ్వట్రా."

"నానెలా మొయ్యనే అంత బస్తా?"

"ఓలమ్మ, ఇంత పొడుగెదిగినావు, బస్తా మొయ్యలేవు! అన్నీ నానే మొయ్యాల. తండ్రేమో పడవలో, కూతురేమో గోడెనకాల..." సణుగుతున్న గొంతు కదిలింది. గుండిగ మీద మూత పడింది. "ఒరే గుంటలూ, పొయ్యి కాడికి రాకండిరా. బియ్యం తెచ్చి వండుతాను. ఇప్పుడే ఎల్లొస్తాను."

అడుగుల చప్పుడు. మట్టి నేల మీద మెత్తగా, తర్వాత గుమ్మం దగ్గర గట్టిగా. అవి దగ్గరవుతున్న కొద్దీ వెనక పాక కరిగిపోతోంది. ముందు పొయ్యి, తర్వాత ఏరు, దానితో పాటు అమ్మకి గుర్తున్న పడవ ప్రయాణాలు, తర్వాత హైమ ఇచ్చిన పొగ, ఆవిరి, చిటపట, అన్నీ. తలుపు కిర్రుమంది.

తెర మీద ఒక వరుస వెలిగింది. ఆగిపోయింది.

హైమ వరుస చివరికి చూడలేకపోయింది. మేడమ్ చూశారు. "సున్నా" అన్నారు గుసగుసగా. "సున్నా, హైమా."

గాజు తలుపు అవతల, మంచం మీది చెయ్యి దేన్నో వెతుకుతున్నట్టు పక్కమీద తడిమింది. హైమ ఎలా వెళ్ళిందో తెలియదు, అమ్మ ముఖం మీదికి వంగి ఉంది. దమయంతి కళ్ళు విప్పి, వెలుతురుకి చిట్లించి, కూతుర్ని కోపంగా చూసింది.

"బస్తా ఏదే?"

* * *

వాళ్ళు ఇంటికి బయల్దేరిన రోజు మేడమ్ మిల్లు గుమ్మం దాకా వచ్చారు.

"వాడికి నేను ఏ లోటూ రానివ్వలేదు హైమా. అందుకే రాలేదేమో" అన్నారు, పైఅంతస్తు కేసి చూస్తూ. "వాడికి మామిడికాయంటే ప్రాణం. ఆ జ్ఞాపకం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, లోపలికి ఇవ్వలేదు" అన్నారు. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి నడిచారు. అంత తొందరగా నడవడం హైమ ఎప్పుడూ చూడలేదు.

తవిటయ్య పడవలో ముగ్గురూ ఏరు దాటారు. దమయంతి పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

"భయమేటే?" అన్నాడు తవిటయ్య.

"మరి ఎప్పుడూ ఎక్కనేదు కదా."

"ఎక్కనేదా?"

ఇద్దరూ హైమ కేసి చూశారు. హైమ వాళ్ళకి చెప్పింది. పొగమంచుని, కొత్త చీరని, ఆవలి ఒడ్డుని. అమ్మానాన్నలు చెప్పగా విన్న మాటలే ఒడ్డు చేరేవరకూ చెబుతూనే ఉంది. ఇద్దరూ పిల్లల్లా విన్నారు.

చలి ముదిరిన ఒక పొద్దున దమయంతి అటక మీది డబ్బా దించింది. మూత తీసి చెయ్యి పెట్టింది. గోళ్ళు రేకుకి తగిలి గీసుకున్నాయి.

"అయిపోనాయే గుంటా" అంది మామూలుగా.

పొయ్యి ముందు కూర్చున్న హైమ లేచింది. అమ్మ దగ్గరికి వెళ్ళి, రెండు వేళ్ళతో ఆమె పెదవుల మీద చిన్నగా కొట్టింది.

దమయంతి తెల్లబోయింది. "ఏటే ఇది?"

"అలగనకూడదు. నిండుకున్నాయనాల."

"కాళీ డబ్బాకి నిండుకుందనడమేటే? ఎవులు సెప్పినారు నీకు?"

"మా అమ్మ సెప్పింది. మా అమ్మకి వాళ్ళమ్మ సెప్పింది."

దమయంతి కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. పెదవులని వేళ్ళతో తడుముకుంది, అక్కడ ఏదో మిగిలి ఉన్నట్టు. తర్వాత డబ్బాలోకి తొంగి చూస్తూ, కొత్త మాట నేర్చుకుంటున్న పసిపిల్లలా, మెల్లగా అంది.

"నిండుకున్నాయి."